మూలకథయు ప్రతిసృష్టియు : హజీరా తీరమునుండి ఒక విచారము

ప్రతిసృష్టి యను మాట తెలుగు విమర్శకు కొత్తది కాదు. త్రిశంకుని బొందితో స్వర్గమునకు బంపబూనిన విశ్వామిత్రుడు, దేవతలు వానిని క్రిందికి ద్రోయగా, దక్షిణదిక్కున వేఱొక నక్షత్రమండలమును నిర్మించెనని బాలకాండము చెప్పుచున్నది. లోకవ్యవహారమున ‘విశ్వామిత్రసృష్టి’ యన్నను, ‘త్రిశంకుస్వర్గ’ మన్నను అసలునకు నకలు, ఎటును జెందని వస్తువు అను చులకనభావమే స్ఫురించును. కాని ఆ కథ అంతటితో ముగియలేదు. దేవతలు దిగివచ్చి, ఆ కొత్త చుక్కలు ఆకాశమున శాశ్వతముగా నుండుటకు సమ్మతించిరి. సామెతలో నిలిచినది పూర్వార్ధము. మఱపున బడినది ఉత్తరార్ధము. ఒక కథనుండి పుట్టిన మఱొక లోకమునకు సాహిత్యమున స్థానము కలదా యను ప్రశ్న వచ్చినపుడు ఈ ఉత్తరార్ధమును జ్ఞప్తికి దెచ్చుకొనుట యవసరము.

ఈ ప్రశ్నను నేడు లేవనెత్తుచున్నది జపాను దేశపు బొమ్మలకథ. ‘మాంగా’ యని పిలువబడు ఈ చిత్రకథలలో క్రీడాకథలొక పెద్ద శాఖ. ఆ కథలను జదివిన పాఠకులు వానిలోని ఆటగాండ్రను ఆటస్థలమునుండి ఎత్తి, కత్తులు, కోటలు, మంత్రములు గల వేఱొక లోకమున నిలిపి, కొత్త కథలు వ్రాయుచు బొమ్మలు గీయుచున్నారు. మూలమున విద్యార్థి యైనవాడు అందు వీరుడగును. ప్రతిపక్షపు ఆటగాడు రాక్షసరాజగును. ఇట్టి రచనలను జపానీయులు ‘నిజి సోసకు’, అనగా ద్వితీయసృష్టి, యందురు. విశ్వవిద్యాలయముల భాషాశాఖలు దీనిని పిల్లల వేడుక యని త్రోసిపుచ్చుట సులభము. అట్లు త్రోసిపుచ్చిన తూనికరాయితోనే తెలుగు సాహిత్యమును దూచినచో ఏమి మిగులునో చూడవలసియున్నది.

ఈ విచారమునకు గుజరాతు రాష్ట్రమున తాపీనది సముద్రమున గలియు చోటనున్న హజీరా తగిన నెలవు. 1612లో ఆంగ్లేయుల యోడలును పోర్చుగీసువారి యోడలును పోరాడిన సువాలి రేవు దీనికి చేరువనే యున్నది. సూరతు మొగలాయి రాజ్యమునకు ప్రధానమగు రేవుపట్టణముగా నున్న కాలమున దేశదేశముల సరకులు ఈ నదీముఖముననే దిగినవి. నేడు హజీరా పెద్ద కర్మాగారముల నెలవు. అందలి ఉక్కు కర్మాగారమున 2019 చివరినుండి జపానుకు జెందిన నిప్పన్ స్టీల్ సంస్థ భాగస్వామిగా నున్నది. ఇక సూరతు నగరమున లింబాయత్ మొదలగు పేటలలో తెలంగాణమునుండి వచ్చి మగ్గములపై బ్రదుకుచున్న పద్మశాలీల కుటుంబములు తరతరములుగా నున్నవి. ఆ నగరపు పురపాలకసంఘము గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లములతోపాటు తెలుగు మాధ్యమమునను ప్రాథమికపాఠశాలలు నడుపుచున్నది. జపాను ఉక్కు ఒక ప్రక్కను, తెలుగు నేత మఱొక ప్రక్కను గల ఈ తీరమున, రెండు జాతుల బొమ్మలకథలను ప్రక్కప్రక్కన బెట్టి చూచుట కృతకము గాదు.

మొదట జపాను కథను జూతము. ఫురుదాతె హరుఇచి రచించిన ‘హైక్యూ’ 2012 ఫిబ్రవరినుండి 2020 జూలైవఱకు ఒక వారపత్రికలో 402 ప్రకరణములుగా వెలువడి, 45 సంపుటములైనది. వస్తువు వాలీబాల్ ఆట. మియాగి మండలమున కరాసునో అను ఉన్నతపాఠశాల జట్టునకు కాకి చిహ్నము. ఒకప్పుడు ప్రసిద్ధికెక్కి పిమ్మట దిగజారిన ఆ జట్టును లోకులు ‘ఎగురలేని కాకులు’ అని హేళన చేయుదురు. కథానాయకుడు హినాతా పొట్టివాడు. ఆరంభమున వాని యెత్తు 162.8 సెంటీమీటర్లు. పురుషుల ఆటలో వల యెత్తు 2.43 మీటర్లు. ఈ రెండు అంకెల నడుమనున్న దూరమే ఆ కథకు బీజము.

ఆ కథలో బిరుదులు మిక్కుటము. బంతిని లేపి యిచ్చు కగెయామాను పూర్వపు సహచరులు ‘ఆటస్థలపు రాజు’ అనిరి. అది పొగడ్త కాదు. తోడివారి శక్తి నెఱుగక ఆజ్ఞాపించువాడని నింద. వానికంటె పెద్దవాడై, అదే పని చేయు ఓయికావాను హినాతా ‘మహారాజు’ అని పిలుచును. ఓయికావా పాఠశాల పేరగు ‘అఒబా జోసై’లో కోట యను అర్థము గల పదమే యున్నది. హినాతా చిన్ననాట జూచి ముగ్ధుడైన ఆటగాని బిరుదు ‘చిన్ని మహాకాయుడు’. బంతి లేపువానిని జపాను క్రీడాపరిభాషలో ‘ఆజ్ఞాగోపురము’ అనుటయు కలదు. ఈ విధముగా మూలకథయందే ఒక యుద్ధలోకము రూపకముగా దాగియున్నది.

పాఠకులు చేసినది ఆ రూపకమును నిజముగా గ్రహించుటయే. ‘ఫైనల్ హైక్యూ క్వెస్ట్’ అను పేర ప్రసిద్ధికెక్కిన ప్రతిలోకమున ‘మహారాజు’ బిరుదు గల ఓయికావా కొమ్ములు ధరించిన రాక్షసరాజగును. కాకుల జట్టు వీరుల బృందమగును. ఆ లోకపు పేరే 1986లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’, 1987లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ’ అను యంత్రక్రీడలను స్ఫురింపజేయును. మూలమున అలంకారముగా నున్నది ప్రతిలోకమున వస్తువగుచున్నది. లక్షణపరిభాషలో జెప్పవలెనన్న, ఆరోపితము వాస్తవమైనది.

ఇది తెలుగువారికి విడ్డూరము కారాదు. పింగళి సూరన పదునాఱవ శతాబ్దమున రచించిన ‘కళాపూర్ణోదయము’నకు మూలసూత్ర మిదియే. బ్రహ్మ సరస్వతికి జెప్పిన కథలో కాసారపురము, కళాపూర్ణుడు మొదలగు పేళ్లు వచ్చును. ఆ దంపతుల ప్రణయవిహారమునందలి సరస్సే కాసారపురమని, ఆమె చెక్కిలిపై నీడయైన ఆయన ముఖమే కళాపూర్ణుడని పిమ్మట తెలియవచ్చును. బ్రహ్మవాక్కు పొల్లు పోదు గావున ఆ కల్పితలోకము భూమిపై నిజముగా నడచినది. ఒక క్షణమునందలి పోలికలు మనుష్యులై, పట్టణములై, వంశములై విస్తరించుటను ఇంతకంటె స్పష్టముగా జూపిన కావ్యము అరుదు. సూరన కల్పనాచాతుర్యమును కొనియాడు పండితుడు, అదే వ్యాపారమును నేటి పిల్లలు చేయగా చిన్నచూపు చూచుటకు కారణము చెప్పవలసియుండును.

ప్రతిలోకము ఎట్లు పుట్టుననుటకు ఇది సమాధానము. ఎందులకు పుట్టుననునది అంతకంటె ముఖ్యమగు ప్రశ్న. క్రీడాకథల నిర్మాణమునందే దీనికి హేతువు కలదు. పాఠశాలల పోటీలలో ఒక్కసారి యోడినచో జట్టు ఇంటికి బోవలసినదే. రచయిత ప్రతిపక్షపు ఆటగాండ్రకు పేరు, మనసు, కష్టచరిత్ర యిచ్చి, పాఠకునికి వారిపై ప్రేమ కలిగించి, పిదప ఒక్క ఆటతో వారిని కథనుండి వెలుపలికి బంపును. ఓయికావా ఇందుకు మంచి ఉదాహరణము. ముందు ఉషిజిమా యను మహాబలుడు, వెనుక కగెయామా యను సహజప్రతిభావంతుడు. ఇరువురి నడుమ శ్రమనే నమ్ముకొన్న ఓయికావా తన పాఠశాల జట్టును జాతీయపోటీలకు ఒక్కనాడును గొనిపోలేకపోయెను. పాఠకుడు వానికి రాజ్యము గట్టబెట్టుట వట్టి వేడుకకు గాదు. మూలకథ తీర్చని ఋణమొకటి అచ్చట తీరుచున్నది. 1981లో ఆరంభమైన ‘కెప్టెన్ త్సుబాసా’ యను ఫుట్‌బాల్ కథనుండి ఆ దశకమున ద్వితీయరచనలు వెల్లువగా వచ్చుటకును, 1975లో టోక్యోలో మొదలైన స్వయంప్రచురణల సంత ‘కామిక్ మార్కెట్’ పెరుగుటకును గల సంబంధమును ఈ దృష్టితో జూచిన సుబోధమగును. ఆ రచయితలలో హెచ్చుమంది స్త్రీలగుటయు గమనింపదగినది.

తెలుగున ఇందుకు సరియైన జోడు స్త్రీల రామాయణపు పాటలు. కృష్ణశ్రీ సంకలనముగా ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో వానిని ప్రకటించినది. ఊర్మిళను వాల్మీకి అంతఃపురమున విడిచి, వనమునకు బోయినవారి వెంట నడచెను. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట ఆ విడిచిన చోటనే మొదలగుచున్నది. పదునాలుగేండ్లు నిద్రించిన ఇల్లాలు, తిరిగివచ్చిన మగని నానవాలు పట్టక, పరపురుషుడని హెచ్చరించును. వాల్మీకమున లేని ఈ ఘట్టము వాల్మీకమును గూర్చిన తీర్పు. కథ ఎవరిని మఱచెనో, ఆ మఱపునకు వెల యెవరు చెల్లించిరో ఇది చెప్పుచున్నది. శశిరేఖ విషయమును ఇట్టిదే. వ్యాసభారతమున లేని బలరామపుత్రికకు తెలుగువా రొక పరిణయకథ కల్పించుకొనిరి, 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన ‘మాయాబజార్’ చలనచిత్రము పాండవులను తెరపైకి దేకయే ఆ కథను నడపినది.

ఇక హజీరా చెంతనున్న సూరతు నేతకార్మికుల సొంత సొత్తునకు వత్తము. పద్మశాలీలకు ఒక కులపురాణము కలదు. దానిని జెప్పువారు కూనపులివారు. వీరు చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసిన పొడవైన పటమును విప్పుచు, వరుసవరుసగా బొమ్మలు చూపుచు కథ నడపుదురు. నేసిన గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎఱ్ఱని నేలపై బొమ్మలు తీర్చుట ఆ పటముల పద్ధతి. కథకుడు ఒక గడి చూపి పాడి, తరువాతి గడికి బోవును. మాంగా చదువరి కన్ను ఒక గడినుండి మఱొక గడికి బోవుటకును దీనికిని గల పోలిక పైపై పోలిక కాదు. రెంటను కాలము బొమ్మల నడుమనున్న సందులలోనే నడచుచున్నది. భేదమెల్ల, మాంగాయందు మాట కాగితముపై నుండుట, పటమునందు మాట కథకుని నోట నుండుట.

ఆ పురాణమున జరిగిన దేమి? సంస్కృతపురాణములలో మార్కండేయుడు పదునాఱేండ్లకే యముని దాటి చిరంజీవియైన బాలుడు. అతడెన్నటికిని పదునాఱేండ్లవాడే. కులపురాణమున ఆ బాలునకు యజ్ఞమునుండి భావనాఋషి యను కుమారుడు పుట్టును. ఆ ఋషి పద్మపు దారముతో దేవతలకు వస్త్రములు నేయును. సూర్యుని కూతురు భద్రావతిని పెండ్లాడును. పులి అతనికి వాహనమగును. మహాపురాణములలో దేవతలందఱును పట్టుపుట్టములు గట్టుదురు. ఆ బట్టలు నేసినవాని మాట తలపెట్టినవారు లేరు. కులపురాణము ఆ నేతగానికి వంశము, వివాహము, యుద్ధము, జయము నిచ్చినది. అంతియకాక, ‘పద్మశాలి’ యను పేరునందలి పద్మమును నిజమగు తామరతూటి దారముగా మార్చినది. ‘మహారాజు’ అను పిలుపు నిజమగు సింహాసనమైన తీరునకును, ‘పద్మ’ శబ్దము నిజమగు నూలైన తీరునకును వ్యాపార మొక్కటే. మూలకథ వదలినవారిని జేరదీయుట, పేరును లోకముగా విప్పుట : ప్రతిసృష్టికి ఈ రెండును లక్షణములని చెప్పవచ్చును.

దీనిపై రెండు ఆక్షేపణలు రాదగును. మొదటిది చౌర్యము. పరుల పాత్రలను గైకొని వ్రాయుట కవితయా యని. భారతీయాలంకారికులు ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాల్గవ ఉద్ద్యోతమున కావ్యముల పోలికను మూడు విధములుగా విభజించెను : అద్దములో నీడవంటిది, చిత్తరువువంటిది, ఒక దేహిని బోలిన మఱొక దేహివంటిది. మొదటి రెంటిని కవి విడువవలెను. మూడవది దోషము కాదు, ఏలయన అందు వేఱొక ప్రాణము కలదు. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు హరణమును గూర్చి ప్రత్యేకాధ్యాయములే వ్రాసెను. ఈ కొలత నేటి రచనలకును సరిపోవును. మూలపు సంభాషణలనే కోటగోడల నడుమ మఱల బలికించిన రచన నీడ. వేషములు మాత్రము మార్చినది చిత్తరువు. రాక్షసరాజైన ఓయికావా తన యోటమికి తానే అర్థము వెదకుకొన్న రచన దేహి. జపానునందు వ్యాపారహక్కుల ప్రశ్న వేఱుగా నున్నది. అచ్చటి ప్రచురణకర్తలు పెక్కుపట్ల చూచియు చూడనట్లుండుట వాడుక. న్యాయశాస్త్రపు ఆ ప్రశ్నయు సాహిత్యపు ఈ ప్రశ్నయు ఒకటి కావు.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. క్రీడాకథకు గౌరవము శరీరపు హద్దునుండి వచ్చుచున్నది. హినాతా ఎంత యెగిరినను పొట్టివాడే. జాతీయపోటీలో కీలకమగు ఆటనడుమ జ్వరము దగిలి అతడు వెలుపలికి నడువవలసివచ్చినపుడు ఏ వరమును, ఏ మంత్రమును వానిని గాపాడలేదు. అట్టి కథను మంత్రలోకమునకు మార్చినచో ఆ 2.43 మీటర్ల వల మాయమగును, ఎత్తు చాలనివానికి మంత్రదండము దొరకును, పందెమే పోవును. ఈ మాట సత్యము. పెక్కు ద్వితీయరచనలు ఇచ్చటనే విఫలములగుచున్నవి. కాని దోషము లోకాంతరమునందు లేదు, ఆ లోకమునకు నియమము లేకుండుటయందున్నది. పల్నాటి కథలో కోడిపందెము ఆటయే; పందెపు కట్టుబాటు ప్రకారము ఓడినవారు ఏడేండ్లు నాడు విడువవలసివచ్చెను; ఆ ఆటయే తుదకు కారంపూడి రణమైనది. ఆట యుద్ధమైనను కట్టుబాటు కట్టుబాటుగనే నిలిచినది గనుక ఆ కథకు బిగువు తగ్గలేదు. భావనాఋషి కథలోను దారము తెగినచో ముడివేయవలసినదే. ప్రతిలోకమున వలకు బదులు మఱొక వల యుండవలెను. అది లేని రచనను నిరాకరించుట విమర్శకుని హక్కు. ఉన్నదానిని చదువకయే నిరాకరించుట హక్కు గాదు.

ఈ వాదమంతయు జపాను కథకై కాదు. ఆ కథకు పాఠకులు కొఱవడలేదు. 2025లో జపాను బొమ్మల చలనచిత్రము ‘డీమన్ స్లేయర్’ తెలుగుమాటలతో కూడ ప్రదర్శింపబడినది. కొఱత వచ్చినది కూనపులివారి పటమునకు. ఆశ్రితకులముల కథాగానము ఊరిలోని దాతృకుటుంబముల హక్కుపై నాధారపడినది. ఏ ఊరి పద్మశాలీలకు ఏ కథకుడు చెప్పవలెనో వంశపారంపర్యముగా నిర్ణయమై యుండెడిది. మగ్గము సూరతు, భివండి, షోలాపురములకు దరలినపుడు దాత వెళ్లెను. హక్కుదారుడు ఊరనే మిగిలెను. పటము విప్పుటకు తగిన గుంపు లేని ఊరిలో పటము చుట్టబడియే యుండును. చేర్యాల చిత్రములకు భౌగోళికసూచికాగుర్తింపు లభించినది; అంగళ్లలో గోడబొమ్మలుగా, ముఖములుగా అవి అమ్ముడగుచున్నవి. కాని విడిబొమ్మ కథ కాదు. వరుస తెగినపుడు కాలము తెగును.

సూరతు తెలుగుబడిలోని పిల్లవానికి నేడు రెండు బొమ్మలకథలు అందుబాటున నుండవలసినవి. ఒకటి సముద్రము దాటి తానై వచ్చినది. రెండవది వాని తాత విన్నది. ఆ పిల్లవాడు విననిది. మొదటిదానిని నిషేధించుటవలన రెండవది రాదు. పైపెచ్చు, గడిగడిగా కథ చదువ నేర్చిన కన్నునకు పటము చదువుట సులువగును. ‘మహారాజు’ బిరుదు సింహాసనముగా మారుటను ఆనందించు బుద్ధికి పద్మము దారమగుట దానంతట అర్థమగును. ఒక వేడుక మఱొక విద్యకు మెట్టు కాగలదు.

కావున భాషాశాఖలు చేయదగిన పనులు మూడు. కూనపులి, మందహెచ్చు, గౌడజెట్టి, డక్కలి మొదలగు కథకుల ప్రదర్శనములను పటముల వరుసతో సహా, గడికి గడిగా, పాటతో జోడించి నమోదు చేయుట మొదటిది. ఆ నమోదులను సూరతువంటి చోట్లనున్న తెలుగుపాఠశాలలకు పాఠ్యసామగ్రిగా నందించి, కథకులనే అచ్చటికి రప్పించి పటము విప్పించుట రెండవది. ద్వితీయసృష్టిని సాహిత్యప్రక్రియగా గుర్తించి, స్త్రీల పాటలు, కులపురాణములు, కళాపూర్ణోదయము, నేటి చిత్రకథల ప్రతిలోకములు వీనిని ఒకే పాఠ్యాంశమున తులనాత్మకముగా బోధించుట మూడవది. ఇందు మొదటిపనికి మాత్రము గడువు కలదు. పటమును మొదలునుండి తుదివఱకు చెప్పగల కథకులు వృద్ధులగుచున్నారు.